ఒక్క రోజు ఏమీ కొనకుండా ఉంటే కొనే అలవాటు మారుతుందా?

ప్రశ్న: ఎడిసన్ నివాసి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఏడాదిగా నలుగుతున్న ఒక సందేహాన్ని మీ ముందు పెడుతున్నాను.

మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగకు మరునాటిని బ్లాక్ ఫ్రైడే అంటారని, ఆ రోజు ఇక్కడి దుకాణాలన్నీ ధరలు తగ్గించి జనాన్ని పిలుస్తాయని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అదే శుక్రవారం ఏమీ కొనకుండా ఉందామనే ‘బై నథింగ్ డే’ ఒకటి ఉందని మాకు మా అమ్మాయి ద్వారా తెలిసింది. 1992 సెప్టెంబరులో కెనడాలో టెడ్ డేవ్ అనే వాంకూవర్ కళాకారుడు దీన్ని మొదలుపెట్టగా, అదే నగరం నుంచి వెలువడే ‘యాడ్‌బస్టర్స్’ పత్రిక దేశదేశాలా ప్రచారం చేసింది. 1997 నుంచి ఉత్తర అమెరికాలో దీన్ని సరిగ్గా బ్లాక్ ఫ్రైడే నాడే పాటిస్తున్నారు.

పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి నిరుడు పట్టుబట్టి ఇంటిల్లిపాది చేతా ఈ దినాన్ని పాటింపజేసింది. ఆ రోజు మేము నిజంగానే ఒక్క డాలరు కూడా ఖర్చు చేయలేదు. పొద్దున పార్కుకు వెళ్లాం, మధ్యాహ్నం ఇంట్లో ఉన్నవాటితోనే పులిహోర చేసుకున్నాం, సాయంత్రం అమ్మమ్మతో తీరిగ్గా ఫోనులో మాట్లాడాం. రోజు చాలా బాగా గడిచింది.

అయితే నెల తిరిగి కార్డు బిల్లు వచ్చాక కూర్చుని లెక్క చూస్తే మనసు చివుక్కుమంది. పాలు, పెరుగు, కూరగాయలు బుధవారమే రెండింతలు తెచ్చిపెట్టుకున్నాం. శుక్రవారం రాత్రి ఫోనులో చూసి వదిలేసిన ఇల్లు ఊడ్చే యంత్రాన్ని సోమవారం ఉదయం అదే తగ్గింపు ధరకు నేనే కొన్నాను. నవంబరు, డిసెంబరు ఖర్చు కలిపి చూస్తే అంతకుముందు ఏడాదికీ నిరుటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ లెక్క మా అమ్మాయికి చూపించాలో వద్దో ఇంతవరకు తేల్చుకోలేకపోయాను. ఇలాంటి ఒక్క రోజు నియమం వల్ల మనిషి కొనే తీరు మారుతుందా, లేక కొనే రోజు మాత్రమే మారుతుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1: బెర్గెన్ కౌంటీ నుంచి

మీకు గంట ప్రయాణం దూరంలో మీ ప్రశ్నకు పెద్ద ఎత్తున జవాబు దొరుకుతుంది. పదకొండేళ్లుగా మేముంటున్న బెర్గెన్ కౌంటీలో ఆదివారం నాడు బట్టలు, ఫర్నిచరు, గృహోపకరణాలు అమ్మడం చట్టప్రకారం నిషిద్ధం. తిండి సరుకులు, మందులు దొరుకుతాయి. పారామస్ పట్టణంలోనైతే నిబంధనలు మరీ కఠినం. అంటే మా ప్రాంతంలో ఏడాదికి 52 రోజులు బట్టల దుకాణాలకు సెలవే. మీరు ఏడాదికి ఒక్కసారి ఇష్టపూర్వకంగా చేసిన పనిని ఇక్కడ లక్షల మంది చేత ప్రతి వారం చట్టమే చేయిస్తోంది.

మరి జనం తక్కువ కొంటున్నారా అంటే, దేశంలో చిల్లర అమ్మకాలు అత్యధికంగా జరిగే చోట్లలో ఒకటిగా పేరుపడినది ఈ పారామస్ పట్టణమే. ఆదివారం కొనవలసింది శనివారం కొంటారు. శనివారం ఇక్కడి మాల్‌లో కారు నిలపడానికి చోటు దొరకాలంటే ఎంతసేపు చుట్లు కొట్టాలో నాకు బాగా తెలుసు. పైగా ఆ చట్టం దుకాణం తలుపునే గాని చేతిలోని ఫోనును ఆపదు. ఆదివారం మధ్యాహ్నం సోఫాలో కూర్చుని ఏం కావాలన్నా తెప్పించుకోవచ్చు.

అలాగని ఆ చట్టం వృథా అని నేను అనను. 1993లో ఎత్తివేయాలా అని ఓటు పెడితే ప్రజలు ఉంచమనే తీర్పు చెప్పారు. 2012లో శాండీ తుపాను వచ్చినప్పుడు, అవసరమైన వస్తువులు కొనుక్కోవడానికి వీలుగా గవర్నరు ఒక ఆదివారం దాన్ని నిలిపివేశారు గాని, తర్వాత మళ్లీ యథాప్రకారమే సాగింది. ఇక్కడివారు దాన్ని కాపాడుకుంటున్నది ఖర్చు తగ్గుతుందని కాదు, వారానికి ఒక్క రోజైనా రోడ్లు ఖాళీగా, ఊరు నెమ్మదిగా ఉంటుందని. మీ శుక్రవారం కూడా మీకు ఇచ్చింది అదే అనిపిస్తోంది.

జవాబు 2: తణుకు నుంచి, విశ్రాంత అర్థశాస్త్ర ఉపన్యాసకుడు

మా అమ్మ శనివారం నాడు నూనె గాని ఇనుప వస్తువు గాని కొననిచ్చేది కాదు. చాలా ఇళ్లలో ఇప్పటికీ ఈ పట్టింపు ఉంది. అయితే ఆ కారణంగా మా ఇంట్లో నూనె వాడకం గరిటెడైనా తగ్గలేదు. సీసా అడుగుకు వస్తే శుక్రవారం సాయంత్రమే నన్ను కొట్టుకు పంపేది. అమెరికాలో 1999 ఏప్రిల్ 30న పెట్రోలు కొనవద్దని ఈమెయిళ్లు తిరిగినప్పుడు జరిగింది కూడా ఇంతే. కారు నడపడం మానకుండా పెట్రోలు కొనడం మాత్రం ఒక రోజు మానితే, ఆ ట్యాంకు ముందు రోజో మరునాడో నిండక తప్పదు.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. బియ్యం, నూనె, పెట్రోలు, వాక్యూమ్ యంత్రం వంటివి ఈ రోజు కొనకపోతే రేపు కొంటాం, అవసరమో కోరికో అలాగే నిలిచి ఉంటుంది కాబట్టి. కానీ ఆఫీసు దగ్గర తాగే కాఫీ, ఊసుపోక తెప్పించుకునే బిర్యానీ, దారిలో కొనే చిరుతిండి అలాంటివి కావు. ఈ రోజు తాగని కాఫీని రేపు రెండు కప్పులుగా ఎవరూ తాగరు. ఆ ఖర్చు వాయిదా పడదు, పూర్తిగా పోతుంది. కనుక ఒక్క రోజు సెలవు ఏ రకం ఖర్చు మీద పనిచేస్తుందో ముందుగా విడదీసుకోకుండా, మొత్తం బిల్లును చూసి నిరాశపడటం సరికాదని నా అభిప్రాయం.

1965లో యుద్ధమూ ధాన్యం కొరతా కలిసి వచ్చినప్పుడు, ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట భోజనం మానమని కోరారు. సోమవారం సాయంత్రాలు హోటళ్లు మూసివేసేవారు, ఇళ్లలో పొయ్యి వెలిగించేవారు కాదు. మానిన పూట అన్నాన్ని మరునాడు అదనంగా తినేవారు తక్కువ. పైగా అది ప్రతి వారం వచ్చేది, ఎందుకు మానుతున్నామో చిన్నపిల్లవాడికి కూడా తెలిసేది. మీ శుక్రవారానికి ఈ మూడింటిలో చివరిది మాత్రమే ఉంది.

ఇక నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఒకటి చెబుతాను. మన ఆషాఢమాసం సహజంగానే కొనుగోళ్లకు విరామంగా ఉండేది. పెళ్లిళ్లు లేవు, శుభకార్యాలు లేవు, చీరల కొట్లకు బేరాలు లేవు. ఆ ఖాళీని పూరించడానికి బట్టల వ్యాపారులు ఆషాఢం డిస్కౌంట్లు పెట్టారు. ఇప్పుడు మా వీధిలోని ఆడపడుచులు శ్రావణమాసపు పేరంటాలకు కావలసిన చీరలను కూడా ఆషాఢంలోనే కొంటున్నారు. ఏమీ కొనని ఒక నెల మన కళ్లముందే కొనుగోళ్ల నెలగా మారిపోయింది. 2011 బ్లాక్ ఫ్రైడే నాడు పటగోనియా అనే బట్టల సంస్థ ‘ఈ జాకెట్ కొనవద్దు’ అని న్యూయార్క్ టైమ్స్‌లో ప్రకటన వేస్తే, ఆ సంస్థ అమ్మకాలు మరుసటి ఏడాది పెరిగాయి. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు. అయినా వద్దన్న మాటను కూడా సంత తన సరుకుగానే మార్చుకోగలదు. అలాంటప్పుడు క్యాలెండరులో ఒక రోజును గుర్తుపెట్టుకుని దాన్ని ఎదుర్కోగలమని నేను నమ్మలేను.

జవాబు 3: హైదరాబాదు నుంచి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని

మాస్టారు చెప్పిన భేదం నాకు చాలా నచ్చింది. అయితే క్యాలెండరు రోజును పూర్తిగా కొట్టివేయడంతో మాత్రం నేను ఏకీభవించలేను.

ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మే ఒక సంస్థలో నేను కొన్నేళ్లు పనిచేశాను. కార్టులో పెట్టి కొనకుండా వెళ్లిపోయిన వ్యక్తికి మరునాడు ఏ సమయంలో, ఏ మాటలతో గుర్తుచేస్తే వెనక్కి వస్తారో తేల్చడమే మా బృందం పని. ఎడిసన్ నివాసి గారు సోమవారం ఉదయం ఆ యంత్రాన్ని కొనడం వారి సంకల్పబలం లోపమని నేను అనుకోవడం లేదు. శుక్రవారం వారు విశ్రాంతి తీసుకున్నారు గాని వారి ఫోను విశ్రాంతి తీసుకోలేదు.

అలవాట్ల మీద జరిగిన ఒక పరిశోధనను ఇక్కడ చెప్పాలి. 2009లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాల పాటు పరిశీలించింది. రోజూ ఒకే సందర్భంలో ఒకే పని చేస్తూ పోతే అది ఆలోచించకుండా జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. ఒకరికి 18 రోజులు చాలితే, మరొకరికి 254 రోజులు పడతాయని అంచనా తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు ఏర్పడటానికి పెద్దగా అడ్డు రాలేదని కూడా వారు గమనించారు. నడక వంటి మంచి అలవాటుకు ఇది ఊరటనిచ్చే మాట. కానీ రాత్రి పడుకునే ముందు షాపింగ్ యాప్ తెరిచే అలవాటుకు కూడా ఒక రోజు విరామం పెద్ద దెబ్బ కాదేమోనన్న అనుమానం నాకు దీన్నిబట్టే కలిగింది.

అలవాటు సందర్భాన్ని పట్టుకుని బతుకుతుంది కాబట్టి, మార్చవలసింది సందర్భాన్నే. ఒక్క నొక్కుతో వస్తువు కొనే పద్ధతికి అమెజాన్ 1999లో అమెరికాలో పేటెంటు పొందింది. అది 2017లో ముగిసింది. కార్డు నంబరు కొట్టే ఆ అర నిమిషాన్ని తొలగించడం కోసం ఒక సంస్థ అంత పట్టుదల చూపిందంటే, ఆ అర నిమిషం మనకు ఎంత విలువైనదో ఆలోచించండి. 2001లో ప్రచురితమైన ఎమ్ఐటీ ప్రయోగంలో బాస్కెట్‌బాల్ టిక్కెట్లను వేలం వేస్తే, నగదు ఇవ్వవలసినవారి కంటే క్రెడిట్ కార్డు వాడవచ్చని చెప్పినవారు దాదాపు రెట్టింపు పాడారు. డబ్బు చేతి నుంచి వెళ్తున్నట్టు కనిపించకపోతే మనిషి లెక్క మారిపోతుంది.

కనుక నేను చేసినదేమిటంటే, ఫోనులో దాచిన కార్డు వివరాలన్నీ తీసివేశాను, అమ్మకాల యాప్‌ల నోటిఫికేషన్లు ఆపాను, ఏ వస్తువైనా ముందు ఒక కాగితం మీద తేదీతో రాసి పది రోజుల తర్వాతే కొనాలని పెట్టుకున్నాను. పది రోజుల తర్వాత ఆ జాబితాలో సగానికి పైగా నేనే కొట్టివేస్తున్నాను. ఇదంతా మొదలైంది మాత్రం ఒక్క రోజు నియమంతోనే. దీపావళి అమ్మకాల సమయంలో ఒక ఆదివారం ఏమీ కొనకూడదని పెట్టుకుని, కొనాలనిపించిన ప్రతిసారీ గడియారం చూసి రాసుకున్నాను. సాయంత్రానికి పద్నాలుగుసార్లు అయింది, అందులో తొమ్మిది ఫోను మోగిన వెంటనే కలిగినవే. జ్వరం ఎంతుందో తెలియడానికి థర్మామీటరు ఎలాగో నాకు ఆ రోజు అలాగ పనికి వచ్చింది.

జవాబు 4: ఒహాయో నుంచి, దుకాణ ఉద్యోగిని

ఇక్కడ అందరూ కొనేవారి వైపు నుంచే మాట్లాడారు. నేను కౌంటరుకు ఇవతల నిలబడే మనిషిని. డిపెండెంట్ వీసా మారాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఒక పెద్ద దుకాణంలో. ఆ ఏడాది బ్లాక్ ఫ్రైడే నాడు తెల్లవారుజాము నాలుగింటి నుంచి నిలబడి, ఇంటికి వచ్చాక వేణ్నీళ్లలో పాదాలు పెట్టుకుని ఏడ్చాను.

మీ ఇంటివారు ఆ రోజు రాకపోతే నాకు కలిగే మేలు, నిజం చెప్పాలంటే, ఏమీ లేదు. దుకాణం తెరిచే ఉంటుంది, నేను అక్కడే ఉంటాను. జనం మరీ తగ్గితే పని గంటలు కోస్తారు, జీతం తగ్గుతుంది. 2025 ఫిబ్రవరి 28న దేశమంతా ఒక రోజు కొనవద్దన్న పిలుపు వచ్చినప్పుడు కూడా మేము మామూలుగానే పనికి వెళ్లాం.

దుకాణమే మూసివేస్తే సంగతి వేరు. 2015లో ఆర్‌ఈఐ అనే సహకార సంస్థ తన 143 దుకాణాలనూ బ్లాక్ ఫ్రైడే నాడు మూసి, సుమారు 12,000 మంది ఉద్యోగులకు జీతంతో సెలవిచ్చింది. 2022లో దాన్ని శాశ్వత నియమం చేసింది. అలాగే ఒకప్పుడు గురువారం సాయంత్రమే తెరుచుకున్న పెద్ద దుకాణాలు చాలా వరకు 2020లో, కోవిడ్ వేళ, థాంక్స్‌గివింగ్ నాడు మూసివేశాయి, ఆ తర్వాత కూడా ఆ సెలవును కొనసాగించాయి. తగ్గింపు ధరలు అక్టోబరులోనే మొదలవుతున్నాయి కనుక జనం తక్కువ కొన్నారని నేను అనుకోవడం లేదు. అయినా పండుగ పూట మా పిల్లలతో కలిసి అన్నం తినగలుగుతున్నాం. మీ అమ్మాయి ఈ సంగతిని కూడా తన స్నేహితులతో చర్చిస్తే సంతోషిస్తాను.

ఎడిసన్ నివాసి

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివాక నిన్న రాత్రి నిరుటి బిల్లును అమ్మాయి ముందు పెట్టాను. బాధపడుతుందేమోనని భయపడ్డాను గాని, తను పెన్సిలు తీసుకుని మాస్టారు చెప్పిన పద్ధతిలో ఒక్కొక్క వరుస పక్కన గుర్తు పెట్టడం మొదలుపెట్టింది. వాయిదా పడి తిరిగి వచ్చినవి ఒక గుర్తు, మానితే పూర్తిగా పోయేవి మరొక గుర్తు. రెండో రకంలో ఎక్కువ భాగం నావే. ఆఫీసు దగ్గరి కాఫీ, మధ్యాహ్నపు సాండ్‌విచ్, రైల్వే స్టేషనులో కొనే నీళ్ల సీసా. నిరుడు ఆ శుక్రవారం ఆఫీసుకు సెలవు కాబట్టి ఇవి మా నియమం కిందికి రానే లేదు.

ఈ ఏడాది మేము శుక్రవారాన్ని అలాగే ఉంచుతున్నాం, పార్కుతో, పులిహోరతో సహా. దానికి తోడు ప్రతి బుధవారం నా కాఫీ ఇంటి నుంచి ఫ్లాస్కులో వెళ్తుంది. మా ఆవిడ అప్పుడే రెండు ఫోన్లలోనూ కార్డు వివరాలు తీసివేసింది. ఫ్రిజ్ తలుపు మీద తేదీలు రాసుకునే కాగితం అతికించాం. మొదటి వరుసలో అమ్మాయి తన పేరుతో బూట్లు అని రాసింది, నవంబరు 14 వరకు ఆగాలి.