పసిబిడ్డకు సున్తీ: రింగా, క్లాంపా?

ఖాదర్_నెల్లూరు: మనవడికి ఏడో రోజు అఖీఖాతో (బిడ్డ పుట్టినందుకు ఇచ్చే ఖుర్బానీ) పాటే సున్తీ చేయించాలి. ఒక డాక్టరు ప్లాస్టిక్ రింగు అంటారు, ఇంకొకరు గోమ్‌కో క్లాంప్ అనే లోహపు బిగింపు పరికరం అంటారు. ఏది మేలు?

షమీమ్_కడప: రింగే. చర్మం కింద రింగు పెట్టి దారం బిగిస్తారు. మా బాబుకు వారం తిరిగేసరికి దానంతట అదే రాలిపోయింది. కుట్లు లేవు, కట్టు లేదు.

రఫీ_గుంటూరు: రాలకపోతే? మా అక్క కొడుకుకు సైజు మించిన రింగు వేశారు. అది వెనక్కి జారి ఇరుక్కుంది, అంతా వాచిపోయింది. రాత్రికి రాత్రి పరుగెత్తి ఆ రింగు కోయించాం. గోమ్‌కో 1935 నుంచి ఉంది. అయిదు నిమిషాలు బిగించి, కోసి, తీసేస్తారు. ఒంటి మీద ఏదీ మిగలదు.

షమీమ్_కడప: సైజు తప్పితే రింగు ఏం చేస్తుంది తమ్ముడూ? ఒక గోమ్‌కో భాగాలు ఇంకోదానికి బిగించినా గాయాలవుతాయి. గోమ్‌కో, మోగెన్ క్లాంపుల మీద 2000లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది.

రఫీ_గుంటూరు: మోగెన్ ఊసు నేనెత్తానా? దానిలో శిశ్నాగ్రానికి అడ్డు ఉండదు. గోమ్‌కోలో గంట ఆకారపు లోహపు తొడుగు కప్పి కాపాడుతుంది.

జరీనా_ఖాలా: మా రోజుల్లో హజామ్ (మంగలి) నిమిషంలో ముగించేవాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

రఫీ_గుంటూరు: ఏమైనా అయినా బయటికి చెప్పుకుంటారా ఖాలా?

నర్సు_విజయవాడ: మూత్రద్వారం కిందివైపు ఉన్న బిడ్డకు సున్తీ చేయకూడదు. తర్వాత సరిచేసే ఆపరేషన్‌కు ఆ చర్మమే కావాలి. ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టని జబ్బుంటే ముందే చెప్పండి. రింగైనా క్లాంపైనా అక్కడి వరకే మొద్దుబార్చే మత్తు ఇంజెక్షన్ అడగండి. పూత మందు అంత బాగా పనిచేయదు.

ఖాదర్_నెల్లూరు: ఏడు రోజుల బిడ్డకు మత్తు ఎందుకమ్మా? వాడికి గుర్తుంటుందా?

షమీమ్_కడప: తల్లికి గుర్తుంటుంది! మా బాబుకూ ఏడో రోజే చేశారు. నేను పక్క గదిలో బాలింతను. మత్తు ఇచ్చారో లేదో ఈనాటికీ నాకు చెప్పినవారు లేరు. ఏడుపు మాత్రం విన్నాను.

రఫీ_గుంటూరు: మరి ఇంతసేపూ రింగును మెచ్చుకున్నారు కదక్కా?

షమీమ్_కడప: రింగు మంచిదే. మా మామగారు నన్ను అడగకపోవడం మంచిది కాదు. ఖాదర్ గారూ, మీ కోడలిని అడిగారా?

ఖాదర్_నెల్లూరు: సున్తీ తేదీ ఇంటి పెద్దలు పెడతారు. నిన్న ఫోను చేసి చెప్పాను.

షమీమ్_కడప: చెప్పారు. అడగలేదు.

రఫీ_గుంటూరు: అది సరే గానీ, ఆ డాక్టరు దగ్గర రింగులు ఎన్ని సైజుల్లో ఉన్నాయో కనుక్కోండి.