ఇండీ లుక్ (చిన్న స్వతంత్ర బ్యాండ్ల అభిమానుల వేషధారణ) అని అన్నీ ఒకేసారి వేసేస్తే వేషం కట్టినట్టుంది, మీరెలా కుదుర్చుకుంటున్నారు?

పాతక్యాసెట్:
మొన్న ఓ చిన్న గిగ్‌కి (బ్యాండ్ కచేరీకి) బ్యాండ్ టీషర్ట్, పైన గళ్ల ఫ్లానెల్ చొక్కా, చిరుగుల జీన్స్, డాక్ మార్టెన్స్ బూట్లు, మెడలో గొలుసు, అన్నీ వేసుకుని బయల్దేరాను. అద్దంలో చూసుకుంటే నాటకానికి వెళ్తున్నట్టుంది. విడివిడిగా ఒక్కోటీ నాకు ప్రాణం. కలిపితేనే ఎక్కడో తేడా కొడుతోంది.

గళ్లచొక్కా:
నేనూ రెండేళ్లు ఇలాగే తిరిగానండీ. మీరు వేసుకున్న ప్రతీదీ 'నన్ను చూడు' అంటోంది, అదీ ఇబ్బంది. ఒక్కటి మాట్లాడితే చాలు, మిగతావి సాదాగా ఉండాలి.

ఫ్లానెల్ సంగతే చూడండి. గ్రంజ్ అనే ముతక రాక్ సంగీతం వాయించిన అమెరికాలోని సియాటిల్ బ్యాండ్లవాళ్లు దాన్ని స్టైల్ కోసం వేసుకోలేదు. అక్కడ చలి, తడి. పాతబట్టల కొట్లలో ఆ చొక్కాలు చవగ్గా దొరికేవి. 1992 చివర్లో డిజైనర్ మార్క్ జేకబ్స్ పెర్రీ ఎలిస్ అనే ఫ్యాషన్ కంపెనీ కోసం గ్రంజ్ కలెక్షన్ చేసినప్పుడు ఆ గళ్ల చొక్కాల్ని పట్టుతో కుట్టించాడు. తర్వాత ఆ ఉద్యోగమూ పోయింది. ఇప్పుడు ఆ కలెక్షన్‌ని గొప్పగా చెప్పుకుంటారు గానీ, పట్టు ఫ్లానెల్ మీద నాకు మనసు పోదు. నా చొక్కా మోచేతుల దగ్గర నూగంతా రాలి పలచబడింది, కాలర్ మడత తెల్లబడింది. దాని అందమంతా అక్కడే ఉంది. కొత్త చొక్కాకి అది రావాలంటే ఏళ్ల తరబడి వేసుకోవాల్సిందే.

ఎనిమిదికన్నాలు:
బూట్ల గురించి నేను చెప్తా. డాక్ మార్టెన్స్‌లో 1460 అనే మోడల్ పేరు అవి మొదటిసారి తయారైన తేదీ, 1-4-60, అంటే 1960 ఏప్రిల్ 1. మొదట్లో అవి పనివాళ్ల బూట్లు. ది హూ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ గిటారిస్ట్ పీట్ టౌన్షెండ్ లాంటివాళ్లు వేసుకున్నాక స్టేజీ ఎక్కాయి. కొత్తవి నేరుగా గిగ్‌కి వేసుకెళ్లకండి, మడమ ఒలిచేస్తాయి. నాకు రెండు కాళ్లకీ బొబ్బలొచ్చి చివరి మూడు పాటలూ గోడకి ఆనుకుని విన్నాను. మందం సాక్సులతో రోజూ ఓ గంట ఇంట్లో తిరగండి. ప్యాంటు అంచు ఒక మడత పెడితే బూటు కనిపిస్తుంది, గొలుసు అక్కర్లేదు.

నీలిచార:
అందరూ గ్రంజ్ దగ్గరే ఆగిపోయారేంటి! 1986లో ఎన్ఎంఈ అనే బ్రిటిష్ సంగీత పత్రిక ఇచ్చిన సీ86 అనే ఇండీ పాటల క్యాసెట్ తరాన్ని తలుచుకోండి. టోపీ ఉన్న అనోరాక్ జాకెట్, చారల టీషర్ట్, నుదుటి మీద పడే జుట్టు, అంతే. ఆ చారలు ఫ్రెంచి నావికులవి, 1858లో యూనిఫాంగా వచ్చాయి. గట్టిగా అరవని పాటలకి గట్టిగా అరవని బట్టలు. నాకైతే ఇదే ఇష్టం.

కొత్తరీల్:
ఒక సందేహం. పాటలు వినకుండా ఆ బ్యాండ్ టీషర్ట్ వేసుకోవడం తప్పా?

గళ్లచొక్కా:
తప్పేం కాదు. కానీ వినండి. జాయ్ డివిజన్ అనే బ్రిటిష్ బ్యాండ్ ఆల్బమ్ 'అన్‌నోన్ ప్లెజర్స్' (1979) టీషర్ట్ మీది గీతలు కొండలనుకుని కొన్నాను. ఒకాయన పలకరించి నీకు ఏ పాట ఇష్టమని అడిగితే నోరు పెగల్లేదు. ఆ రాత్రే ఆల్బమ్ మొత్తం విన్నా. ఆ గీతలు పల్సర్ అనే గిరగిరా తిరిగే నక్షత్రం నుంచి వచ్చిన రేడియో సంకేతాలని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఆ టీషర్ట్ వేసుకుంటే నాదనిపిస్తుంది.

ఎనిమిదికన్నాలు:
దాన్ని తిరగేసి చన్నీళ్లలో ఉతకండి. ప్రింటు మీద ఇస్త్రీ పెట్టెను అస్సలు ఆనించొద్దు.

పాతక్యాసెట్:
నిన్న ఇంకో గిగ్‌కి వెళ్లొచ్చా. టీషర్ట్, చిరుగుల్లేని నల్ల జీన్స్, బూట్లు. గొలుసు ఇంట్లోనే పెట్టేశా. ఫ్లానెల్ మాత్రం బ్యాగులో ఉంది. షో అయ్యాక బయట చలేస్తే తీసి వేసుకున్నా.