హక్కు నాదని ఒక్క మెసేజ్ వస్తే సినిమా ఆపేయాలా?

గంటస్తంభం:
మా ఫిల్మ్ క్లబ్ మొన్న ఆదివారం విజయనగరంలో షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ పెట్టింది. టికెట్ లేదు. ఎంపికైన సినిమాల్లో ఒకదాంట్లో రెండు నిమిషాల తప్పెటగుళ్ళ జానపద పాట ఉంది. షో రోజు పొద్దున్నే ఎవరో వాట్సాప్‌లో ఆ రికార్డింగ్ తనదనీ, వేస్తే కేసు పెడతాననీ బెదిరించారు. కమిటీ టెన్షన్ పడి సినిమా తీసేసింది. డైరెక్టర్ కుర్రాడు శ్రీకాకుళం నుంచి ఇంటిల్లిపాదినీ వెంటేసుకొచ్చాడు. హాలు బయట పెద్ద రభస. హక్కులన్నీ తనవే, వివాదమొస్తే బాధ్యత తనదే అని ఎంట్రీ ఫారంలో అతని సంతకం కూడా ఉంది. తీసేయొద్దని నేను మొత్తుకున్నాను. మీరేమంటారు?

నాగావళి గట్టు:
శుద్ధ పిరికితనం. తప్పెటగుళ్ళు ఎవరి సొత్తండీ? మా వైపు యాదవ కళాకారులు తరతరాలుగా ఆడుతూ పాడుతున్నారు. మైకు పెట్టి రికార్డు చేసినంత మాత్రాన పాట ఆయనదైపోతుందా? పైగా మీది ఉచిత ప్రదర్శన.

మూడులాంతర్లు:
గట్టు గారూ, పాట వేరు, రికార్డింగ్ వేరు. పాట ఊరందరిదే. ఆ కుర్రాడు కళాకారుల్ని కూర్చోబెట్టి తనే రికార్డు చేసుకుంటే ఈ పేచీయే లేదు. వేరేవాళ్ళ రికార్డింగ్ తీసి వాడితే మాత్రం, అది విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్ళ దాకా దాని నిర్మాతకు హక్కుంటుంది. ముప్పై సెకన్ల లోపయితే ఫర్వాలేదనే మాట చట్టంలో ఎక్కడా లేదు.

‘ఉచితం’ కూడా మనల్ని కాపాడదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో, డబ్బు తీసుకోకుండా ప్రదర్శించే ఔత్సాహిక సంఘాలకు మినహాయింపు ఉన్నమాట నిజమే. అది నాటకానికీ, సంగీతానికీ, సాహిత్యానికీ. సినిమాకి కాదు. కాలేజీలో వేస్తే ఇంకో మినహాయింపు ఉంది గానీ, చూసేవాళ్ళు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, ఆ కాలేజీ పనులతో సంబంధమున్నవాళ్ళే అయ్యుండాలి. బజార్లో పోస్టర్ వేసి అందర్నీ పిలిచాక అది వర్తించదు.

అసలు చిక్కు ఆ మెసేజ్‌తోనే. తెలిసి ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసం చేయలేదంటే కోర్టు తగ్గించవచ్చు. ఆ మెసేజ్ అందాక ‘మాకు తెలీదు’ అనే మాట బలహీనపడుతుంది.

అరసవల్లి:
ఇలాంటివి నేనూ నడిపాను కాబట్టి చెప్తున్నా. ఆ సంతకం మీకూ కుర్రాడికీ మధ్య ఒప్పందం, అంతే. హక్కుదారు మీ మీదికొస్తే ‘మాకు కాగితం రాసిచ్చాడండీ’ అంటే వింటాడా? తర్వాత ఆ ఖర్చు కుర్రాడి దగ్గర వసూలు చేసుకోవచ్చు. కెమెరా అద్దెకి తెచ్చుకున్నవాడి దగ్గర ఏం వసూలు చేస్తారు!

నాగావళి గట్టు:
సరే మాస్టారూ, ఒప్పుకున్నా. మరి ఎవడు మెసేజ్ పెట్టినా సినిమా ఆగిపోతే, రేపు పోటీలో ఉన్న ఇంకో డైరెక్టరే దొంగ నంబరు నుంచి పెడతాడు. ఉత్తుత్తి బెదిరింపులకి 60వ సెక్షన్ ఉంది కదా, బెదిరించిన వాడి మీదే కోర్టుకెళ్ళవచ్చని?

ఇంకో మాట. ఆ పెద్దమనిషి రికార్డు చేసినప్పుడు పాడినవాళ్ళ అనుమతి తీసుకున్నాడా? ప్రదర్శన ఇచ్చినవాళ్ళకీ 50 ఏళ్ళు హక్కులుంటాయి. తప్పెటగుళ్ళు కట్టుకుని చెమటోడ్చినవాళ్ళ ఊసు ఇక్కడ ఎవరూ ఎత్తరేం?

మూడులాంతర్లు:
రెండూ సరైన మాటలే. కాకపోతే 60వ సెక్షన్ పొద్దున్న మెసేజొచ్చి సాయంత్రం షో ఉన్నప్పుడు పనికిరాదు. నేనైతే ఆయన్ని వెంటనే అడిగేవాణ్ణి: ఎప్పుడు విడుదల చేశారు, ఎక్కడుంది, పాడినవాళ్ళతో రాతకోతలున్నాయా? ఇటు కుర్రాణ్ణి, ఆ ఆడియో ఎక్కణ్ణుంచి తెచ్చావని. రెండు ఫోన్లు చాలు. అటువైపు నుంచి జవాబే రాకపోతే సినిమా వేసేయొచ్చని నా అభిప్రాయం. ఆధారం చూపిస్తే, కుర్రాడు ఒప్పుకుంటే, ఆ రెండు నిమిషాలూ సౌండ్ తీసి వేయాలి. అతన్ని అడక్కుండా మ్యూట్ చేస్తే అది ఇంకో గొడవ.

కమిటీ ఎవరినీ ఏమీ అడగలేదు. నా అభ్యంతరం దానిమీదే.

గంటస్తంభం:
నిన్న కుర్రాడితో మాట్లాడాను. ఆడియో యూట్యూబ్ నుంచి దించుకున్నాడట. జానపదమే కదా అనుకున్నాడు. మెసేజ్ పెట్టినాయన అదే వీడియో లింకు పంపాడు. పాడినవాళ్ళ కాగితం అడిగితే ఇంకా జవాబు లేదు. మా ఫెస్టివల్ ట్రైలర్లో కూడా ఆ పాట ముక్క ఉంది. 21 రోజుల గడువు ఉంటుందట కదా, ఈలోగా ఉంచేయొచ్చా?

మూడులాంతర్లు:
అది యూట్యూబ్ లాంటివాళ్ళకి. ఫిర్యాదు అందాక 36 గంటల్లో వాళ్ళు తీసేయాలి, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే మళ్ళీ పెట్టొచ్చు. ట్రైలర్ ఎక్కించింది మీరే కాబట్టి ఆ గడువు మీది కాదు. ఈ రాత్రే పాట మార్చి మళ్ళీ ఎక్కించండి.

అరసవల్లి:
కుర్రాణ్ణి నా దగ్గరికి పంపండి. మా వైపు ఒక తప్పెటగుళ్ళ బృందం తెలుసు. వాళ్ళ చేత పాడించి, కాగితం రాయించుకుని, పారితోషికం చేతిలో పెట్టమనండి. రికార్డింగ్‌కి చోటు నేను చూస్తా.