చేపలకు తెల్ల చుక్కలు: కోరిడోరాస్ ఉన్న తొట్టిలో ఏ మందు వేయాలి?

మా నియాన్ టెట్రాల ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు వచ్చాయండి. రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటున్నాయి, మొప్పలు గబగబా ఆడిస్తున్నాయి. ఇక్ (పరాన్నజీవి వల్ల వచ్చే తెల్ల చుక్కల జబ్బు) అనే అనుకుంటున్నాను. వెల్వెట్ అనే ఇంకో జబ్బుకి ఉండే బంగారు రంగు పొర కనబడలేదు. నీటి పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నీటి వేడి 25 డిగ్రీలు. మెల్లగా 29 దాకా పెంచితే పరాన్నజీవి త్వరగా చేపను వదిలి నీళ్లలో ఈదే దశకు వస్తుందని, మందు పనిచేసేది అప్పుడేనని తెలుసు.

అసలు చిక్కు వేరే. అదే తొట్టిలో కోరిడోరాస్ (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్), నత్తలు ఉన్నాయి. కోరిడోరాస్‌కి ఉప్పు అంతగా పడదంటారు, రాగి మందు వేస్తే నత్తలు చస్తాయి. మలకైట్ గ్రీన్ అనే ఇక్ మందు సగం మోతాదు సరిపోతుందా? ఫిల్టర్‌లో మందును పీల్చేసే కార్బన్ ఎలాగూ తీసేశాను. చుక్కలు పోయాక ఇంకెన్నాళ్లు వేయాలి? ఇలాంటి తొట్టిలో నయం చేసినవాళ్లు కాస్త చెప్పండి.