అప్‌డేట్: దవావో వెళ్లే ముందు నెట్‌లో ఏం నేర్చుకోవాలి?

మా చెల్లి మెడిసిన్ చదవడానికి ఫిలిప్పీన్స్‌లోని దవావో వెళ్తోంది, అక్కడి భాష, పద్ధతులు నెట్‌లో ఎక్కడ నేర్చుకోవచ్చని అడిగాను కదా. వెళ్లి మూడు వారాలైంది.

మీరంతా ఫిలిప్పీన్స్‌లో ఎక్కువగా వాడే తగలోగ్ భాష నేర్చుకోమన్నారు, తనూ బట్టీ పట్టింది. తీరా చూస్తే జీప్నీలో (అక్కడి షేర్ బండి), బజార్లో అంతా బిసయా, అంటే సెబువానో! తగలోగ్ అర్థమవుతుంది గానీ జవాబు బిసయాలో వస్తుందట. ‘సలామత్’ మాత్రం రెండింట్లోనూ థాంక్సే, అదొక్కటే లాభం.

సెబువానో వికీపీడియాలో 60 లక్షలకు పైగా వ్యాసాలున్నాయని సంబరపడ్డాను. చాలావరకు బాట్ (దానంతటదే రాసే కంప్యూటర్ ప్రోగ్రామ్) రాసినవేనట! చివరికి గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో సెబువానో పెట్టుకుని నెట్టుకొస్తోంది. హాస్టల్ ఆవిడ నేర్పిన ‘మాయోంగ్ బుంతగ్’ (శుభోదయం)తో రోజూ పలకరిస్తోందట. ఆగస్టులో దవావోలో కడయావన్ అనే పండగ, ఫొటోలు అప్పుడు పెడతాను.