పది వారాల పామ్ (పొమేరేనియన్) కుక్కపిల్ల ఎంత వరకు పెరుగుతుంది? ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది, భయంగా ఉంది

చిన్నూ వాళ్ళమ్మ (మియాపూర్):
అందరికీ నమస్తే. పది రోజుల క్రితం ఆడ పామ్ పిల్లని తెచ్చుకున్నాం. అమ్మినాయన టీకప్ అన్నాడు, పెద్దయ్యాక కిలోన్నర దాటదని గట్టిగా చెప్పి మామూలు పిల్ల కంటే పదివేలు ఎక్కువ తీసుకున్నాడు. నిన్న వంటింటి త్రాసు మీద స్టీలు గిన్నెలో కూర్చోబెట్టి తూస్తే ఇప్పటికే కిలో మీద యాభై గ్రాములు ఉంది! ఫోన్ చేస్తే, రెండు పూటలే పెట్టండి మేడమ్, ఎక్కువ పెడితే సైజు పెరిగిపోతుంది అంటున్నాడు. మా పాప దాన్ని బొమ్మలా చంకనేసుకుని ఇల్లంతా తిరుగుతుంది, మొన్న చేతుల్లోంచి జారబోతే పట్టుకున్నాను. సైజు కంటే నాకు ఇదే ఎక్కువ టెన్షన్. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పామ్‌ప్రేమి (వైజాగ్):
టీకప్ అనే జాతి లేదండి. కుక్క జాతుల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ పుస్తకాల్లో పామ్ అంటే పామే, టీకప్ అన్నది అమ్మేవాళ్ళు పెట్టిన పేరు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్కలో పెద్ద పామ్ బరువు 3 నుంచి 7 పౌండ్లు, అంటే సుమారు 1.4 నుంచి 3.2 కిలోలు. మీ పిల్లకి మూడు నెలలు నిండిన రోజు తూచి దాదాపు రెట్టింపు వేసుకోండి, అటూ ఇటూగా అక్కడికి వస్తుంది. నా అంచనా రెండున్నర, మూడు కిలోలు, అది మంచి ఆరోగ్యమైన బరువే. తల్లిదండ్రుల్ని చూశారా? మన చిన్నప్పుడు వీధివీధిలో పామ్ అని పిలిచిన తెల్ల కుక్కలు చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లు, వాటిలో చిన్నరకమే ఐదు కిలోలు దాటుతుంది, మీది అలాంటిదైతే ఇంకా పెరుగుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, సైజు కోసం కడుపు మాడ్చకండి.

లక్ష్మి (విజయవాడ):
కడుపు మాడ్చడం గురించి నేను చెప్తానమ్మా, నా చేతుల్లో జరిగింది కాబట్టి. మా బుజ్జి కూడా అప్పుడు పది వారాలది. రాత్రి ఎనిమిదికి నాలుగు గింజలు తిని పడుకుంది, నేనూ పట్టించుకోలేదు. తెల్లారుజామున ఐదున్నరకి లేపితే తడిగుడ్డలా చేతిలో వేలాడిపోయింది, మెడ నిలవట్లేదు, చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి, ముందుకాళ్ళు మాత్రం సన్నగా వణుకుతున్నాయి. షుగర్ పడిపోవడం అది. ఇంత చిన్న ఒంట్లో నిల్వ ఏముంటుంది, కొన్ని గంటలు తిండి లేకపోతే అంతే. వేలికి తేనె రాసుకుని చిగుళ్ళకి రుద్దాను, తువ్వాలులో చుట్టి గుండెకి హత్తుకున్నాను, పది నిమిషాలకి నాలుక కదిపింది. తర్వాత డాక్టర్ దగ్గరికి పరుగు. ఆ స్థితిలో నోట్లో నీళ్ళూ పాలూ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, చిగుళ్ళకి రాయడమే. రోజుకి నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పెట్టండి, ఆఖరిది మీరు పడుకోబోయే ముందు. పెరుగన్నం ఒక్కటే సరిపోదు, పప్పీ ఫుడ్ నానబెట్టి పెట్టండి. మీ పాప చేతిలో ద్రాక్షపళ్ళు, కిస్‌మిస్, చాక్లెట్ ఉంటే దూరంగా ఉంచండి తల్లీ, అవి దీనికి విషం.

రవి_కరీంనగర్:
పాప విషయంలో నాది సొంత అనుభవం. మావాడు ఎత్తుకుని నిలబడితే కుక్కపిల్ల గింజుకుని గచ్చు మీద పడింది. కుంయ్‌మని ఒక్క అరుపు, ముందుకాలు పైకెత్తేసింది. ఎక్స్‌రేలో ఆ ఎముక అగ్గిపుల్లంత ఉంది, విరిగింది. ప్లేట్ వేశారు, రెండు నెలలు బోనులో, ఖర్చు కంటే దాని మొహం చూడలేకపోయాం. ఇలాంటి బుల్లి కుక్కల్లో (టాయ్ జాతులంటారు) ముందుకాళ్ళు సోఫా మీంచి దూకినా విరుగుతాయని డాక్టర్ చెప్పారు. అప్పట్నుంచి మా ఇంట్లో రూల్ ఒక్కటే, పిల్లలు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటేనే కుక్క ఒళ్ళోకి వస్తుంది, నిలబడి ఎత్తుకోవడం లేదు. మియాపూర్ అంటే అపార్ట్‌మెంటే అనుకుంటా, బాల్కనీ గ్రిల్‌కి కింద రెండడుగులు జాలీ కట్టించండి, ఊచల మధ్య నుంచి మీ కుక్కపిల్ల సులువుగా దూరిపోతుంది. మెడపట్టీ వద్దు, గొంతు గొట్టం సున్నితం, ఛాతీకి వేసే హార్నెస్ తీసుకోండి. టీకాలు పూర్తయ్యేదాకా బయట నేల మీద దించొద్దు, పార్వో (వాంతులు, విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) వస్తే ఇంత చిన్నవి నిలబడటం చాలా కష్టం.

చిన్నూ వాళ్ళమ్మ:
లక్ష్మిగారూ, చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయండి. ఇవాళ్టి నుంచి నాలుగు పూటలు, తేనె సీసా దాని బుట్ట పక్కనే పెట్టాను. జాలీ అతనికి ఫోన్ చేశాను, రేపొస్తానన్నాడు. ఇంకొక్కటే, రాత్రి మా మంచం మీద పడుకోబెట్టుకోవచ్చా? ఒక్కటే ఉంటే ఏడుస్తోంది.

లక్ష్మి (విజయవాడ):
మంచం మీద వద్దమ్మా, నిద్రలో మీరు ఒత్తిగిల్లినా కష్టం, అది కిందికి దూకినా కష్టం. మంచానికి ఆనించి నేల మీద అట్టపెట్టె పెట్టి, మీరు కట్టి విడిచిన పాత చీర మడతేసి వెయ్యండి. చెయ్యి కిందికి వేలాడేసి దాని వీపు మీద ఆనించండి. మా బుజ్జి మూడో రాత్రికి ఏడుపు మానేసింది.