ఆ 30 ప్రశ్నల కాగితం మీరెట్టా నింపారు?

కావలి కోడలు: రొమ్ము కేన్సర్ ఆపరేషనయి ఏడు నెలలు. మొన్న చెన్నైకి చెకప్‌కి పోతే జీవన నాణ్యత ఫారం అని చేతిలో పెట్టారు. పోయిన వారమంతా ఎట్టా ఉన్నారని 30 ప్రశ్నలు. బరువు సంచి మోయడం కష్టంగా ఉందా అంట! బిందె ఎత్తగలవా, గ్రైండర్‌లో పిండి తీయగలవా అనడగాల గానీ. నేను ఆలోచించే లోపలే మావారు అన్నిటికీ 'అస్సలు లేదు' అని టిక్కులు కొట్టేశారు. పరువు పోతుందనుకున్నారో ఏమో.

పొదిలి చిన్నోడు: అక్కా, మా అమ్మకి నేనే చదివి వినిపించా. 30 అయినాక రొమ్ము కేన్సర్‌కని విడిగా ఇంకో 23 ఉంటాయి. ఒళ్ళు చూసుకుంటే ఎట్టా ఉంటుంది, దాంపత్యం సంగతి ఏంది... కొడుకు అడిగితే ఏ తల్లి చెప్తుంది? కాగితం నర్సుకిచ్చి బయటికొచ్చేశా. చెయ్యి వాచి మూడు నెలల్నించి గాజులు ఎక్కడం లేదని అప్పుడు చెప్పిందంట, నాతో ఒక్క మాట అనలేదు.

ఒంగోలు నర్సు: చంకలో లింఫు గ్రంథులు తీసినోళ్ళకి ఆ వాపు రావచ్చు. తొందరగా చెబితే వ్యాయామాలు, చేతికి బిగుతు తొడుగు ఇస్తారు. ఇంకోటి, జవాబుల్ని 0 నుంచి 100కి మారుస్తారు. పనులు చేసుకోవడంలో ఎక్కువొస్తే మంచిది, నొప్పి, నీరసంలో ఎక్కువొస్తే చెడ్డది. 70 వచ్చిందని సంబరపడే ముందు దేంట్లో వచ్చిందో చూడండి.

చీమకుర్తి: ఒంట్లో ఆవిర్లు వస్తాయా అన్న ప్రశ్న చూసినాకే, రొమ్ము కేన్సర్‌కి నేను వేసుకునే టామోక్సిఫెన్ మాత్ర గుర్తొచ్చింది. నేను ఎండల వల్లనుకున్నా 😄

నెల్లూరు సుబ్బులు: ఆ 30లో చివరి రెండిటికి, అంటే మొత్తమ్మీద ఆరోగ్యం, జీవితం ఎట్టా ఉన్నాయనే వాటికి, 1 నుంచి 7 దాకా మనమే అంకె వేసుకోవాల. కీమో అయిన వారం 2 పెట్టా. రొట్టెల పండగలో ఆరోగ్య రొట్టె అందుకొచ్చిన వారం 6. అదే మనిషిని! డాక్టరమ్మ నవ్వలేదు, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. డబ్బు ఇబ్బంది ప్రశ్నకి మాత్రం మొహమాటపడి 'కొంచెం' అని పెట్టా. కార్డు మీద వైద్యం జరిగినా రైలు, రూము, తోడొచ్చిన చెల్లెలి కూలి ఎవురిస్తారు?

కావలి కోడలు: ఫోన్ చేసి అడిగా. వచ్చే చెకప్‌లో కొత్త కాగితం ఇస్తారంట. మావారిని టీకి పంపిస్తా. రెండు టీలు తాగి రమ్మని.